నీళ్ళు ముదిరేదాకా

ఒస్ట్రావాలో ఫిబ్రవరి ఉదయం.
కాఫీ కప్పులో చచ్చిన నియాన్ చేపను పట్టుకుని
మూడో అంతస్తు తలుపు తట్టాను.
కొన్న పన్నెండింటిలో అది పదకొండోది.
ట్రామ్ డిపో యూనిఫాంలోనే ఉన్నాను.

కుబీచెక్ తలుపు తీశాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు బొగ్గు గనిలో దిగిన మనిషి,
గోళ్ళ మొదళ్ళలో ఇంకా వదలని నలుపు.
నా ముఖంలోకి కాదు, కప్పులోకి చూశాడు.

"తొట్టిలో నీళ్ళెప్పుడు పోశావు?"
"మొన్న శనివారం."
"చేపల్ని?"
"అదే శనివారం."
"గోడలు లేవకముందే
కాపురం పెట్టించావన్నమాట."

లోపల అతని గది సగం అతనిది,
సగం నీటిది.
వంకర కర్ర మీద పాకిన ఫెర్ను,
దాని నీడలో నలభై చిన్న నీలి గీతలు
ఒక్కసారే పక్కకు తిరిగాయి,
ఎవరో పేజీ తిప్పినట్టు.

"చేపల్ని ఎవరూ పెంచరు, ద్రహోమీరా.
నీళ్ళను పెంచుతాం.
ముందు కంటికి కనపడనివాళ్ళు దిగాలి,
స్పాంజి చిల్లుల్లోకి, ఇసుక సందుల్లోకి.
చేప విడిచిన విషాన్ని
మొదటి షిఫ్టు వాళ్ళు ఇంకో విషం చేస్తారు.
రెండో షిఫ్టు దాని కోరలు పీకుతుంది.
మిగిలింది కొంత ఆకులు తింటాయి,
కొంత బకెట్‌తో నువ్వు మోస్తావు."

నలభై రోజులు ఖాళీ నీళ్ళకు కాపలా కాశాను.
చిటికెడు మేత కుళ్ళనిచ్చి,
గాజు గొట్టంలో చుక్కలు వేసి, కిటికీ వెలుగులో పట్టి.
ఆకుపచ్చ వెలిసి పసుపయింది ఒక మంగళవారం.
ఊదా మాత్రం మొండికేసింది.
"చేపలేవీ?" అని డిపోలో జ్బిన్యెక్ నవ్వాడు.
"నీళ్ళింకా ముదరలేదు" అన్నాను,
నా గొంతులో కుబీచెక్ గరగర.

ఊదా నీలంగా విరిగిన రోజు
అతనే దుకాణానికి వచ్చాడు, మెట్టు మెట్టుకీ ఆగుతూ.
"ఏంజెల్ చేప వద్దు.
ఇవాళ బొటనవేలంత, రేపు అరచేయంత.
అప్పుడు నియాన్లు దానికి పొరుగువాళ్ళు కావు, భోజనం.
టైగర్ బార్బ్ అసలే వద్దు,
పక్కవాడి రెక్క పొడుగ్గా ఉంటే కొరక్కుండా ఉండలేదు,
మా ఫోర్‌మన్ లాగా."
అడుగున మీసాలతో ఇసుక తడుముకునే కొరిడోరాస్ దగ్గర
ఒకటి చాలన్నాను.
"ఒకటి కొంటే జైలు. ఆరు కొను."

అక్టోబర్లో ఊపిరితిత్తులు అతన్ని ఆసుపత్రికి మోసుకెళ్ళాయి.
తాళంచెవితోపాటు ఒక చీటీ:
ఆదివారం పావు వంతు మార్చు. పాత నీళ్ళంత వెచ్చగా పొయ్యి.
స్పాంజిని కుళాయి కింద కడిగావో
మన స్నేహం అక్కడితో సరి.

మంచం పక్కన గోడకు ఒక సీసా.
ఆక్సిజన్ అందులోంచి బుడబుడమని అతని ముక్కులోకి.
ఆ చప్పుడు ఇద్దరం ఒకేసారి గుర్తుపట్టాం.
అతను నవ్వబోయి దగ్గాడు.
"గాలి బాగానే ఉంది.
ఆ నీళ్ళెప్పుడు మార్చారో అడుగు."
నర్సు నిజంగానే తారీఖు చూసి
సీసా విప్పుకుని వెళ్ళింది.

అతని ఆరోగ్యం సంగతి నేను అడగలేదు.
ఉష్ణోగ్రత ఇరవై ఐదు అని చెప్పాను.
అద్దానికి గుడ్లు అంటుకున్నాయి, ఇరవై మూడు, అన్నాను.
దిండు మీంచి లేచాడు.
"తీసెయ్! బ్లేడుతో, మెల్లగా.
కన్నవాళ్ళే మింగేస్తారు."

తొమ్మిది బతికాయి.
కళ్ళకు తోకలు మొలిచినట్టుండే తొమ్మిది.

నవంబర్లో ఇంటికొచ్చాడు,
వెనక పొడుగ్గా ఒక గొట్టం, దాని చివర ఒక యంత్రం.
తొట్టి ముందు కుర్చీ వేయించుకుని
పిల్లల్ని మూడుసార్లు లెక్కపెట్టాడు,
మూడుసార్లూ వేరే లెక్క వచ్చింది.

"తొమ్మిదయింది. దీపం తీసెయ్.
వాటికీ రాత్రి కావాలి."

చీకట్లో రెండు బుడబుడలు,
ఒకటి అద్దం లోపల, ఒకటి ఇవతల.
కాసేపు అక్కడే నిలబడ్డాను.
పొద్దున నాలుగున్నరకి మొదటి ట్రామ్ నాదే.