పద్నాలుగో నంబరు క్యాసెట్

హన్మకొండ. లైబ్రరీ రెండో అంతస్తు.
ఇనుప బీరువాల మూడొందల క్యాసెట్లు,
తాళంచెవి నా మొలతాడుకు.

బూజు వట్టిన టేపును పెన్సిలుతోని తిప్పుతున్న,
రవళి వచ్చింది. ఎమ్మే తెలుగు.
"పద్నాలుగో నంబరు మా తాతది సార్,
శారద కథ. ఒక కాపీ ఇస్తరా?"

అట్ట మీద కంపెనీ పేరుంది,
సర్వహక్కులు ఎవలియో ఉంది.
పస్తం రాజవీరు పేరుండాల్సిన కాడ
'బృందం' అని ఉంది.

పాడువడకుంట ఒక ప్రతి దాసుకోవచ్చు, అది దాసిన.
పరిశోధనకైతే న్యాయమే అన్నరు,
'ఎంత మేరకు' అన్నకాడ
కమిటీ చాయ తాగి లేసింది.
కంపెనీకి రెండు ఉత్తరాలు రాసిన.
చిరునామాల లేరని
రెండూ నా బల్ల మీదికే వచ్చినయి.

హెడ్‌ఫోన్ ఇచ్చిన.
కండ్లు మూసుకొని ఇనుకుంట ఇనుకుంట
నడుమ నవ్వింది.
"కాజీపేట రైలు కూసింది సార్!
అది వోయేదాక ఆగి
తాత మళ్ల అందుకున్నడు."
ఆ కూత ఎవలి సొత్తో రాసేతందుకు
నా రిజిస్టర్ల గడి లేదు.

మరునాడు వచ్చింది. ఆ మరునాడూ.
నోట్సు రాయదు, పెదవులు కదుపుతది.
బొటనవేలితోని బల్ల అంచు మీద
అందె ఏస్తది.

శనివారం సాయంత్రం
మెట్లు దిగుకుంట ఎత్తుకుంది,
రైలు కూసిన కాడ ఆగి మరీ.

నేను గేటు పుస్తకం తెరిసి
శానసేపు జూసి,
సంచిల ఏం లేదని రాసి
సంతకం వెట్టిన.