దానికి గడి లేదు

సి.ఎస్.పురం దాటినాక బస్సు దింపిన చోట
మైలురాయి మీద ఒక తొండ తలాడించింది.
చేతిలో ట్యాబు, మెడలో గుర్తింపు కార్డు.
పశుగణనకు వచ్చానంటే
చిల్లచెట్ల నీడలోంచి మూడు కుక్కలు లేచాయి.

రోశమ్మ వాకిట్లో ఒంగోలు ఆవు ఒకటి.
వయసు అడిగితే
"మా చిన్నది పుట్టిన ఏడు కరువు, ఆ పైఏడు ఇది" అంది.
ఆ గడిలో అంకెలే పడతాయి.
ఆవు మాత్రం మూపురం మీద కాకిని మోస్తూ
ఎంతకైనా సరే రాసుకోమన్నట్టు నెమరేసింది.

బర్రెగొడ్లు పదకొండు.
కోళ్లు ఎవరివి ఎవరివో కోళ్లక్కూడా తెలీదు.

తిరపాలు దగ్గర చిక్కొచ్చింది.
జీవాలు ఎన్ని తాతా అంటే
కర్ర గడ్డం కింద ఆనించి వెలిగొండ వైపు చూశాడు.
"లెక్కబెడితే తరుగుతాయమ్మా."
సరే, దొడ్డికి తోలేటప్పుడు నేనే చూసుకుంటానన్నాను.

పొద్దు గూకింది. కంప పక్కకు లాగాడు.
వస్తున్నాయి, మూతి నల్లటివి, కళ్లకు కాటుకవి,
తుమ్మకాయలు నములుతూ, దగ్గుతూ,
దుమ్ములోంచి దుమ్ముగా.
నలభై ఒకటి దగ్గర ఒక పిల్ల
తల్లి కోసం వెనక్కి దూకింది.
నా లెక్కా దాని వెంటే పోయింది.

తిరపాలు నవ్వాడు. గొంగళి దులిపి బండ మీద పరిచాడు.
"తోడేల్ని రాసుకోవా?"
దానికి గడి లేదు తాతా.
"ఏటా నాలుగు జీవాలు దానియ్యే.
మా నాయన నాడూ అంతే.
వాటాదారు గదా, రాయాల."

మందు పెట్టి చంపలేదా అని అడిగాను.
చెవి గోక్కున్నాడు.
"ఒక ఏడు పెట్టా. నా కుక్క తిన్నది."

చాలాసేపు దొడ్డిలో గిట్టల చప్పుడే.
గుట్ట కింద బీడంతా ఇప్పుడు సోలారు పలకలు,
కంచె లోపల గడ్డి
మేసే నోరు లేక నిలువునా ఎండుతోంది.

"రెండేళ్లాయె.
రాత్రిళ్లు మెలకువొచ్చుద్ది, చెవులొగ్గి పడుకుంటా.
నక్క కూసుద్ది, తీతువు అరుసుద్ది.
అది మటుకు రాదు.
జీవమొక్కటి తగ్గలా.
అయినా దొడ్డి నిండినట్టుండదు."

సిగ్నలు లేక ట్యాబులో చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.
"ఎంత ఏసినావు?"
అరవై ఎనిమిది అన్నాను, సిగ్గుపడుతూ.
వేళ్ల కణుపుల మీద ఏదో లెక్కేసుకున్నాడు,
పైకి మాత్రం అనలేదు.

"నాలుగు ఎక్కువైనయ్.
పోన్లే, ఉండనీ.
వస్తే దానికుంటయ్."