రసమట్టం

పది రోజులకని వచ్చాను.
సంచిలో రెండు జతల బట్టలు, ఒక టార్చి,
మా నాన్న సుత్తి.
వరద తీసిన ఆ ఆగస్టులో పంటు దిగినప్పుడు
మేం పద్నాలుగు మందిమి.
ఇప్పుడు సుత్తికి మూడో పిడి.
తొమ్మిదేళ్ళు. నేనొక్కదాన్నే.

మాది ఆదోని పక్క.
మా ఇంటి కప్పు చౌడుమట్టి మిద్దె,
ఎండాకాలం దానిమీదే పడక.
మొగలిలంకలో కప్పు మీద పడుకుంటే
తెల్లారేసరికి పెరట్లో ఉంటారు.
ఇక్కడ నీళ్ళు పైనుంచి దిగవు,
గుమ్మం కిందనుంచి వచ్చి
అడక్కుండా పొయ్యిలో కూర్చుంటాయి.

మొదట్లో ఎవరూ నిచ్చెన ఇవ్వలేదు.
ఆడమనిషి కప్పెక్కితే అరిష్టమన్నారు సూరపరాజు గారు.
కార్తీకంలో గాలి ఆయన వసారా పెంకులు ఎత్తుకుపోయాక
ఆయనే నిచ్చెన పట్టుకున్నారు.
అరిష్టం మాట ఇద్దరం ఎత్తలేదు.

ఉప్పుగాలి మేకుని లోపల్నుంచి తింటుంది,
తల మాత్రం మెరుస్తూనే ఉంటుంది.
ఒండ్రు చేలో పడితే బంగారం,
మంచం కింద పడితే నలభై తట్టలు.
ఇవి నేర్చుకున్నాను.
రేకుల లోడుతో నాటుపడవలో నిలబడటం
ఇప్పటికీ రాలేదు.
కూలి వద్దంటే వాళ్ళకి కోపం.
అందుకని అరటి హస్తం తీసుకుంటాను,
ఒక పూట చేపల పులుసు తింటాను,
అప్పు తీరిపోయిందన్న చూపు కూడా తీసుకుంటాను.

అదంతా అలా ఉంచండి.
మార్తమ్మ గోడ సంగతి చెప్పాలి.

నైరుతి మూల గోడ ఉబ్బింది.
పాత పూత చెక్కేసి, నాలుగు వరసల ఇటుక మార్చి,
కొత్తగా పూసి, బద్ద లాగి,
రసమట్టం పెట్టి చూశాను.
బుడగ నడిమధ్య నిలిచింది.
గర్వపడ్డాను, అబద్ధమెందుకు.

చర్చి నుంచి వచ్చి ఆమె గోడ ముందు నిలబడింది.
"ఎక్కడెట్టేసేవే నా ఎనభయ్యారు?"

తలుపు వెనక బొగ్గుగీత ఒకటుండేది.
నేను చూశాను కూడా. మసి అనుకున్నాను.
ఆ ఏడు గోదారి అక్కడిదాకా.
గీత కింద ఆమె,
ఆమె నెత్తిమీద ఇత్తడి గంగాళం,
గంగాళంలో మూణ్ణెల్ల కొడుకు.

తప్పయిందన్నాను.
"తప్పు గోడకి అంటదు. బొగ్గు తే" అంది.
వీపు ఆనించి నిలబడి
గడ్డం కింద అరచెయ్యి అడ్డంగా పెట్టి
"ఇదిగో, ఇక్కడిదాకా."

బొగ్గు ఎత్తి ఆగిపోయాను.
నలభై ఏళ్ళు. నడుము వంగింది,
మోకాళ్ళు వంగాయి.
ఇక్కడ గీస్తే
గోదారి జానెడు తగ్గిపోతుంది.
ఆమెకా మాట ఎలా చెప్పడం?
దైవసహాయాన్ని అడిగాను.
"నాకేం తెలుసండి, నేను గంగాళంలో ఉన్నాను కదా" అన్నాడు.

సూరపరాజు గారి అరుగు స్తంభానికి
ఆ ఏటి గుర్తు ఇంకా ఉంది, ఎర్ర రంగుతో.
తెల్ల పైపులో నీళ్ళు నింపాం,
బుడగలు పోయేదాకా గోటితో కొట్టాం.
ఒక కొస ఆయన పట్టుకున్నారు,
ఒక కొస దైవసహాయం.
గోడకీ గోడకీ చుక్క పెట్టుకుంటూ
రాజుల వీధి దాటి, కాలవ గట్టు దాటి,
పేటలోకి మోసుకొచ్చాం ఆ మట్టాన్ని.
సైకిళ్ళు ఆగాయి.
సూరపరాజు గారు మార్తమ్మ గడపలోకి రావడం
అదే మొదలట. నాకు తర్వాత తెలిసింది.
ఆయన చూపు పైపులో నీళ్ళ మీదే ఉంది.

నీళ్ళు ఊగి, ఊగి, నిలిచాయి.
ఆమె నుదుటి దగ్గర,
నెరిసిన పాపిటకి రెండు వేళ్ళ కింద.

గీశాను.
ఆమె పక్కకి జరిగి
చాలాసేపు తలెత్తి చూసింది.
నీళ్ళ గురించి ఏమీ అనలేదు.
"అప్పుడు నేనింత పొడుగుండేదాన్నా" అంది.

పూత ఇంకా ఆరలేదు.
ఎల్లుండి సున్నం వెయ్యాలి,
గీత పైన ఒకసారి,
గీత కింద ఒకసారి.