నాది కాని పసుపు

సబ్‌సెంటర్ రిజిస్టరులో ఆరో గడి:
'ఇంతకుముందు వాడిన మందు'.
పదకొండేళ్లుగా ఆ గడిలో
అడ్డగీతలు గీస్తూ వచ్చాను.

అడ్డగీత అంటే అబద్ధం.
దాని కింద సోలం కన్నక్క కూర్చుని
రాతి మీద ఆకు నూరుతూ ఉంటుంది.

తాడ్వాయి దాటినంక
తారురోడ్డు అలిసి ఎర్రమట్టిగా మారేచోట
ఆమె గుడిసె. చూరుకు వేలాడే మూటలు.
ఏ మూటలో ఏముందో
ఆమె పిల్లికి తెలుసు, నాకు తెలియదు.

ఆదివారం, గురువారం. పరగడుపున.
కోసేటప్పుడు మన నీడ ఆకు మీద పడొద్దు.
ఇనుము తగలొద్దు, గోరుతోనే గిల్లాలి.
పేరు అసలే పలకొద్దు.
"పేరు వెట్టి పిలిస్తే లేచి పోతది బిడ్డా,
మందు గుడ మనిషోలెనే."

పైసలు ముట్టదు.
ఒక కొబ్బరికాయ, సోలెడు బియ్యం.
అవి కూడా మందుకు కాదు,
మందు దొరికిన గుట్టకు.

వచ్చిన కొత్తలో ఆమెతో కొట్లాడాను.
పసరు పోస్తే కాలేయం కరాబవుతుందని
బొమ్మల చార్టు మోసుకెళ్లి చూపించాను.
తలకిందులుగా పట్టుకుని
చాలాసేపు చూసింది.
"మంచిగ గీసిన్రు. కోడి కార్జం లెక్కనే ఉన్నది."
నాకు కోపం రావాల్సింది.
నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే
అంతా పాడయింది, లేదా బాగయింది,
ఇప్పటికీ తేల్చుకోలేదు.

మొన్నటి వానకాలం, వాగు పొంగిన రాత్రి
కుర్సం లింగు కొడుకు, ఏడేళ్లోడు.
కళ్లు, మోదుగ దొప్పలో పోసిన పప్పునీళ్లు.
కన్నక్క వాడి గోరు నొక్కి వదిలింది,
రంగు తిరిగొచ్చేదాకా లెక్కపెట్టింది.
పొట్ట మీద వేళ్లతో తట్టి చెవి ఆనించింది.
పేరు అడిగితే
వాడు చనిపోయిన తాత పేరు చెప్పాడు.
నూరిన ముద్ద అప్పటికే అరచేతిలో ఉంది.
దాన్ని తీసి పొయ్యిలో వేసింది.

"ఈ పసుపు నాది కాదు.
నర్సమ్మను లేపుండ్రి."

ట్రాక్టరు మీద వాగు ఒడ్డుదాకా,
అవతల నూటెనిమిది,
ములుగు, ఆఖరికి వరంగల్ ఎంజీఎం.
దారి పొడుగునా ఆమె మా వెంటే.
అరవై ఏళ్లకు మొదటిసారి పట్నం చూడటం,
చూసింది మాత్రం క్యాజువాల్టీ గచ్చునే.
చలికి పాదాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని నిలబడింది.

చిన్న డాక్టరు అడిగాడు:
"నాటుమందు ఏమన్నా పోసిన్రా?"
తండ్రి తల దించాడు. నేను గోడను చూశాను.
ఆమె ముందుకొచ్చింది.
"పొయ్యలే. నాకు వశమయ్యేదుంటే
గీడిదాక ఎందుకొస్త కొడుకా?"
ఆ అబ్బాయి పెన్ను ఆగింది,
మళ్లీ కదిలి ఒక అడ్డగీత గీసింది.
పదకొండేళ్లలో నేను చూసిన
ఒకే ఒక నిజమైన అడ్డగీత.

పిల్లాడు పంతొమ్మిదో రోజుకు అన్నం అడిగాడు.
ఆ ఏడే ఇంకో ఇద్దరు ఆమె గడపకే పోయారు.
ఒకరు లేచారు.
ఇంకొకరి గురించి ఇక్కడ రాయలేను,
ఆమె కూడా మాట్లాడదు.
ఆ గురువారం నుంచి నెలరోజులు
రాయి తడవలేదు.

ఇప్పుడు ఆమె కళ్లకు పొర కమ్మింది.
నెలనెలా బీపీ గోళీలకు నా దగ్గరికే వస్తుంది,
సోలెడు బియ్యం తెచ్చి బల్ల మీద పెడుతుంది.
వద్దంటే, "నీకు కాదు" అంటుంది.

పోయిన ఆదివారం చీకటితోనే గుట్ట ఎక్కించింది.
నా చెయ్యి పట్టి ఒక మొక్క మీద పెట్టింది.
రంపపు అంచు. వెనక సన్నని నూగు.
తుంచితే పచ్చి చింతకాయకూ
వాన తగిలిన ఇనుముకూ మధ్య వాసన.
"ఏందిది అక్కా?" అన్నాను.
చేతి మీద చిన్నగా కొట్టింది.

సోమవారం ఆరో గడిలో
గీత గీయలేదు. ఒక ఆకు గీశాను.
తనిఖీకొచ్చిన సారు వేలు పెట్టి అడిగాడు:
"ఇదేందమ్మా, దీనికి పేరు లేదా?"

నోరు తెరిచి, మూసుకున్నాను.
చేతులు బల్ల కింద దాచుకున్నాను.
గోటి కింద పచ్చ
ఇంకా పోలేదు.