పూచీ

గుణుపురం సబ్ జైలు రెండో వార్డు
ముప్పై మందికని కట్టింది.
నేను తాళం వేసే పొద్దుకి తొంభై ముగ్గురు.
సుద్దముక్కతో నేలమీద గీతలు గీసింది నేనే,
మనిషికి జానాబెత్తెడు.

అందరూ పక్కకి తిరిగే పడుకోవాలి.
నడిరేయి ఎవడో "కుడికి" అంటాడు,
వరసంతా ఒక్కసారి కుడికి దొర్లుతుంది.
చోటు చాలని పదిమంది గోడకి ఆని
మొదటి జాము నిలబడతారు,
రెండో జాముకి ఎవర్నో తట్టి లేపి
ఆ వెచ్చటి గీతల మధ్య ఒరుగుతారు.
ఆ వానాకాలం గజ్జి కూడా వరస తప్పలేదు,
ఒకటో గీత నుంచి చివరి గీత దాకా నడిచింది.

వాళ్ళలో ఈసుర సబర ఒకడు.
ఇప్పసారా కేసు. రెండు డబ్బాలు.
బెయిలు వచ్చి ఎనిమిది నెలలు.
కోర్టు తలుపైతే తీసింది,
గుమ్మానికి అడ్డంగా ఇరవై వేల పూచీకత్తు పెట్టింది.
పట్టా ఉన్నవాడెవడో వచ్చి సంతకం పెట్టాలి.
వాడి ఊళ్ళో కొండకే పట్టా లేదు.

పూచీకత్తు అని నేను చెప్తే
పూచికపుల్ల అని విన్నాడు.
"పుల్లే కదా బాబూ,
మా ఆడది మోపుడు తెస్తాది" అన్నాడు.
నవ్వాను.
ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే
ఆ పుల్ల గొంతులో అడ్డం పడింది.

శ్రావణంలో కొత్త మేజిస్ట్రేటమ్మ వచ్చింది.
వార్డు గుమ్మంలో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోలేదు,
అది చూశాను.
వరండాలో నా స్టూలు మీదే కూర్చుని
మూడు శనివారాలు కాగితాలు చదివింది.

"వదిలితే వాయిదాకి వస్తావా?"
"ఏల రాను తల్లీ?
మంగళారం సంత ఎప్పుడన్నా తప్పినానా?"
"నీ మాటకి పూచీ ఎవరు?"
ఈసుర చుట్టూ చూశాడు. నన్ను చూశాడు.
నేను తాళాల గుత్తి చూసుకున్నాను.
"నాకు నానే" అన్నాడు.
ఆమె అదే రాసుకుంది.

ఆ నెల సొంత పూచీ మీద వదిలింది పదకొండు మందిని.
ఒక్కడూ తిరిగి రాడని
గుమస్తా పాణిగ్రాహి బాబు టీ పందెం కాశాడు.
వాయిదా నాడు, కోర్టు ఊడ్వకముందే
మెట్లమీద పదిమంది, గొడుగులు మడిచి.
పదకొండోవాడు, హరిబంధు, రాలేదు.
ఇటుకబట్టీకి పోయాడని ఒకరు,
జ్వరానికి పోయాడని ఒకరు.
ఏ పోవడమో ఇప్పటికీ తెలీదు.
పందెం ఎవరు గెలిచినట్టని బాబు అడిగితే
టీ డబ్బులు నేనే ఇచ్చేశాను.

ఈసుర తప్పు ఒప్పుకున్నాడు.
శిక్ష: ఆసుపత్రి వెనక కూలిన రాతికట్ట,
నలభై రోజుల పని, రాత్రికి ఇల్లు.
సిమెంటు ఇస్తామంటే వద్దన్నాడు.
కొండవాలున తాతలు మడులు కట్టినట్టు
ప్రతి రాయినీ తిప్పి తిప్పి
దాని కడుపెటో వీపెటో చూసి పేర్చాడు.
వేలిముద్రకని సాయంత్రం పుస్తకం పట్టుకెళ్తే
ఒక రాయి నా చేతికిచ్చి "నువ్వూ పెట్టు" అన్నాడు.
నేను పెట్టింది నిలవలేదు.
ఏమీ అనకుండా తీసి, మళ్ళీ పెట్టాడు.

ఆశ్వయుజంలో ఒక రాత్రి
వార్డు లెక్క నలభై ఆరు.
ఇంకా పదహారు ఎక్కువే.
నా సుద్దగీతలు ఎవరో తడిగుడ్డతో తుడిచేశారు.
అలవాటున ఎవడో నిద్దట్లో "కుడికి" అన్నాడు,
ఎవడూ దొర్లలేదు.

ముసలి బిసోయి వెల్లకిలా పడుకుని
కళ్ళు తెరిచే ఉన్నాడు.
"నిద్ర పట్టలేదా?"
"ఈ గదికి పైకప్పుంది బాబూ,
దూలాలు ఏడు. ఇన్నాళ్ళూ చూడనేలేదు."

తలలు లెక్కపెట్టే ఉద్యోగం నాది.
లాంతరు పైకెత్తి
మొదటిసారి దూలాలు లెక్కపెట్టాను.
ఎనిమిది.