బండి నంబరు లేని తూకాలు

దాళ్వా కోతల మధ్యలో పిడుగు పడి
కాటా గదిలో కంప్యూటర్ పోయింది.
పిడుగు కూడా సరిగ్గా పడలేదంటాడు ఏసుపాదం,
పక్కనున్న కొబ్బరిచెట్టుని వదిలేసి
ట్రాన్స్‌ఫార్మర్‌ని వెతుక్కుని మరీ పడిందట.

మండపేట రోడ్డు మీద
ఏడు ధాన్యం లారీలు, పన్నెండు ట్రాక్టర్లు.
మిల్లువాళ్ళు కొత్త డబ్బా కొనిచ్చారు,
నల్లగా, సన్నగా, చప్పుడు లేకుండా.
దానికి పాత ప్రోగ్రాం చూపిస్తే
ఇది నా దగ్గర నడవదంది. అంతే.
కారణం చెప్పలేదు,
కొత్తగా వచ్చిన తాసిల్దారులాగ.

"రాసిన సూరపరాజు మాస్టారు పోయారండి,
ఆయన కాగితాలు వరదలో పోయాయండి.
నాకు తెలిసిందల్లా
ఎఫ్ టూ నొక్కితే నిండు బండి,
ఎఫ్ త్రీ నొక్కితే ఖాళీ బండి.
ఎలాగోలా మీరే నడిపించెయ్యాలండి."

కొత్తది వేసేద్దామా అన్నాను ఒకసారి.
తన వేళ్ళకేసి చూసుకున్నాడు.
మళ్ళీ అనలేదు.

మా తాత చెప్పేవాడు
కాలవ లాకుల్లో పడవ దాటే పద్ధతి:
పైన నీళ్ళదొక ఎత్తు, కింద నీళ్ళదొక ఎత్తు,
మధ్యన తొట్టిలాంటి చోటు.
పడవని అందులోకి రానిచ్చి, వెనక తలుపు మూసి,
నీళ్ళు మెల్లగా వదులుతారు.
పడవకి తాను దిగుతున్నట్టు తెలీదట,
గట్టే పైకి లేస్తున్నట్టుంటుందట.
నేను చూడలేదు. నేను పుట్టేసరికి
తలుపులకి తుప్పు, తొట్టినిండా గుర్రపుడెక్క.

కొత్త యంత్రం లోపల
అలాంటి తొట్టి ఒకటి కట్టాను.
నీళ్ళని తొంభై ఏడో సంవత్సరం ఎత్తుకి దించాను:
పదహారు బిట్లు, పదహారు రంగులు,
ఈ రోజుల్లో ఒక్క ఫొటోకి కూడా చాలని జ్ఞాపకం.
పాత డిస్కులోంచి తీసిన ప్రోగ్రాంని అందులోకి వదిలి
తలుపు మూశాను.
కాసేపు చీకటి.
తర్వాత నీలం తెర, పసుపు రాతలు,
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: తూకం సిద్ధం.
ఏసుపాదం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అయినా కాటా పలకదు.
ఇనప పలక కిందనుంచి వచ్చే తీగది తొమ్మిది బొక్కల మూతి,
కొత్త డబ్బాకి ఆ మూతి పెట్టే చోటే లేదు.
రెంటికీ మధ్యవర్తి ముక్క
రాజమండ్రి నుంచి బస్సులో రావాలి.
ఆరింటిదాకా డ్రైవర్లు మమ్మల్ని
ఏవేవో పేర్లు పెట్టి పిలిచారు,
ఆ పేర్లు ఇక్కడ రాయను.

ఖాళీగా కూర్చోలేక పాత లెక్కలు తిరగేశాను.
తుక్కయిపోయిన లారీలు, మూసేసిన మిల్లులు.
వాటి మధ్యన, ఏటా డిసెంబరు ఇరవై నాలుగున,
బండి నంబరు లేని ఒక వరస.
పది. పది. ఇరవై.

"ఆయ్, అదా. మా రోజలిన్ అండి.
క్రిస్మస్ ముందురోజు ఎక్కించేవోణ్ణి.
ఈ కాటా పదేసి కేజీల లెక్కనే చూపిస్తది కదండీ,
మూడేళ్ళు ఇరవై మీదే ఉండిపోయింది పిల్ల.
తిండి ఒంటబట్టట్లేదని మా ఆవిడ ఒకటే ఏడుపు."

నలభై దగ్గర వరసలు ఆగిపోయాయి.
అడగడానికి నోరు రాలేదు.
ఆయనే నవ్వాడు.
"సిగ్గండి. లారీనా నేను, ఎక్కనంది.
ఇప్పుడు అమలాపురంలో మందుల షాపు.
బరువెంతమ్మా అంటే ఫోన్ పెట్టేస్తది."

ముక్క వచ్చింది. గుచ్చాను.
మొదటి లారీ పలక మీదికి ఒళ్ళు విరుచుకుంటూ ఎక్కింది.
సున్నాలు వణికాయి,
ఇరవై నాలుగు వేల మూడొందల ఎనభై దగ్గర నిలిచాయి.
పాత ప్రింటరు రేకు గీకినట్టు అరిచింది.

చీటీ మీద సంవత్సరం పంతొమ్మిది వందల ఇరవై ఆరు.
ఏసుపాదం జేబులోంచి నీలం పెన్ను తీసి
పంతొమ్మిది కొట్టేసి, పైన ఇరవై వేశాడు.
ఉండండి, అదీ సరిచేస్తాను అన్నాను.
"వద్దులెండి," అన్నాడు చీటీ చింపుతూ,
"రెండువేల నుంచీ
నా చేత్తో రాసేది అదొక్కటే."

బయట హారన్.
ఎఫ్ టూ.