ఒక్కటి తక్కువ

రాజోలు వాటర్‌వర్క్స్‌లో తెల్లారగట్ట
అమ్మోనియా తడిపిన గుడ్డ
సిలిండర్ మెడ చుట్టూ తిప్పుతాడు ఏసుపాదం మావయ్య.
తెల్లటి పొగ లేచిందంటే క్లోరిన్ కారుతున్నట్టే.
ముక్కుని నమ్మడు.
ముప్పైయేళ్ళ డ్యూటీలో అదెప్పుడో చచ్చిపోయింది,
పులస పులుసైనా వేణ్ణీళ్ళేనంటాడు.

లంకల్లో బావులు మునిగిన ఏడు
బ్లీచింగ్ బస్తా భుజానేసుకుని
నాటుపడవలో రేవు రేవుకీ తిరిగింది ఈయనే.

రాత్రి నా ఇంటర్ పుస్తకం చదివి వినిపిస్తాను.
ఆ ఇంట్లో అందరికీ
పై కక్ష్యలో ఒక్కటి తక్కువట, అదే ఆకలి.
పెద్దాడు ఫ్లోరిన్, దేన్నీ వదలడు.
క్లోరిన్‌ది లేత పసరు రంగు.
బ్రోమిన్ ఎర్రటి ద్రవం,
మూత తీస్తే గొంతు పట్టుకుంటుంది.
అయోడిన్ నల్లటి పలుకు,
సన్నసెగ తగిలితే చాలు ఊదా ఆవిరి.
కిందికొచ్చేకొద్దీ రంగు చిక్కన, ఆకలి పల్చన.

"మొన్న వేలి టింక్చరు చుక్క పడి
నా గంజి నీలంగా మారింది, అదేనా?"
అదే.

"మరి ఆ తక్కువైంది దొరికితే?"
దొరికితే ఉప్పు, మావయ్యా.
అంతర్వేది గాలిలో ఉండేదీ,
నీ గిన్నె పక్కన చిటికెడూ.

నాలిక మీద వేసుకున్నాడు.
చాలాసేపు మాట్లాడలేదు.
"ఇదొక్కటీ తెలుస్తుందే నాకు" అన్నాడు.